వెస్లీ కొలువు చేసిన ఊళ్ళు

సికింద్రాబాదులో పెరిగినవాళ్ళకు వెస్లీ అన్న పేరు కొత్తది కాదు. బడి పేరుగా, చర్చి పేరుగా అది చిన్ననాటి నుంచీ మా చెవులకు అలవాటు. మెదక్‌లో 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పోస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. ఆ మెథడిస్టు ఉద్యమాన్ని 18వ శతాబ్దపు ఇంగ్లండులో నడిపినవాడు జాన్ వెస్లీ. ఆరు వేలకు పైగా కీర్తనలు రాసిన భక్తకవి చార్లెస్ వెస్లీ ఆయనకు తమ్ముడు. నేను చెప్పబోయేది ఆ అన్నదమ్ముల గురించి కాదు, చార్లెస్‌కు మనుమడైన శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ గురించి. ఆయన ప్రసంగాలు చేయలేదు, ఉద్యమాలు నడపలేదు. 1832 నుంచి 1876లో కన్నుమూసేదాకా నలభై నాలుగేళ్ళపాటు ఇంగ్లండులోని నాలుగు కెథడ్రళ్ళలోనూ, అంటే బిషప్ పీఠమున్న చర్చిలలోనూ, ఒక ఊరి ప్రజల కోసం ఉండే పెద్ద పారిష్ చర్చిలోనూ ఆర్గనిస్టుగా కొలువు చేశాడు.

మా చర్చిలో ఇంగ్లిషు ఆరాధనకు వాడే పాటల పుస్తకంలో ఒక పాట పైన 'ఆరీలియా' అన్న వరస పేరు, దాని పక్కన ఎస్.ఎస్. వెస్లీ అన్న సంతకం చిన్న అక్షరాలలో ఉండేవి. పదహారేళ్ళ వయసులో గాయకబృందం వెనక వరసలో నిలబడి ఆ పాటకు మంద్రస్వరం పాడేవాణ్ణి. ఆ వరస పాడుతున్నప్పుడు కింది స్వరం వట్టి ఆసరాగా ఉండిపోక తనకంటూ ఒక దారిలో నడిచేది. అంత శ్రద్ధగా మంద్రానికి కూడా బతుకునిచ్చిన మనిషి ఎవరన్న ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ఉద్యోగ విరమణ తరువాత, ఇంగ్లండులోని రీడింగ్ అనే ఊళ్ళో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, అక్టోబరు మొదటి వారంలో ఆ ప్రశ్న వెంట ఏడు రోజులు తిరిగాను. ఆయన కొలువు చేసిన క్రమంలోనే ఊళ్ళు చూడాలనుకున్నాను గాని, ఎక్సెటర్‌ను మాత్రం వరస తప్పించి చివరికి ఉంచుకున్నాను. కారణం అక్కడికి చేరాక చెబుతాను.

మొదటి రోజు, సోమవారం: రీడింగ్ నుంచి హెరెఫర్డ్

లండన్ పాడింగ్టన్ నుంచి వచ్చే హెరెఫర్డ్ రైలు రీడింగ్‌లో ఆగుతుంది. ఆక్స్‌ఫర్డ్, వూస్టర్ దాటాక మాల్వర్న్ కొండలు ఎదురవుతాయి. ఆ తరువాత నేల ఎర్రబడుతుంది, ఆపిల్ తోటలు మొదలవుతాయి. దారి పొడవునా ఆయన బాల్యం గురించి రాసుకున్న కాగితాలు మళ్ళీ చదువుకున్నాను.

శామ్యూల్ సెబాస్టియన్ 1810 ఆగస్టు 14న లండన్‌లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ వెస్లీ తన కాలంలో ఇంగ్లండులో పేరెన్నికగన్న ఆర్గన్ విద్వాంసుడు. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ సంగీతాన్ని ఆంగ్లేయులకు పరిచయం చేయడానికి తపించినవాడు. కొడుకు పేరులోని సెబాస్టియన్ ఆ భక్తికి గుర్తు. తల్లి సారా సూటర్ ఆ ఇంటి పనులు చూసుకోవడానికి వచ్చిన స్త్రీ. వారిద్దరికీ పెళ్ళి కాలేదు. ప్రొటెస్టెంటు ప్రపంచమంతా గౌరవించే ఇంటి పేరు, ఆ పేరు మీద నాటి సమాజం వేసిన మచ్చ, రెండూ పుట్టుకతోనే ఆయనకు సంక్రమించాయి. ఆయన స్వభావంలోని కరుకుదనం గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ కరుకుదనానికి వేరు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఏడెనిమిదేళ్ళకే సెయింట్ జేమ్స్ రాజప్రాసాదంలోని చాపెల్ రాయల్‌లో గాయకబాలుడుగా చేరాడు. గొంతు మారిన తరువాత లండన్ చర్చీలలో ఆర్గన్ వాయిస్తూ, నాటకశాలలలో పనిచేస్తూ గడిపాడు. 1832లో, ఇరవై రెండో ఏట, హెరెఫర్డ్ కెథడ్రల్ ఆర్గనిస్టుగా నియమితుడయ్యాడు.

స్టేషనులో దిగి, సంచి బసలో పడేసి, సాయంత్రం ఐదున్నరకు కెథడ్రల్ చేరాను. ఇంగ్లండు కెథడ్రళ్ళలో సాయంత్రాలు జరిగే గానారాధనను ఈవెన్‌సాంగ్ అంటారు. వినడానికి టికెట్ లేదు, ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. దావీదు కీర్తనలు, మరియమ్మ పాడిన స్తుతిగీతం, వృద్ధుడైన సుమెయోను పాడిన పాట, ఆ పైన ఆంథెమ్ అనే పెద్ద కూర్పు, అన్నీ ముప్పావు గంటలో ముగుస్తాయి. ఆ రోజు పాడినవాటిలో వెస్లీ కూర్పు ఏదీ లేదు. అయినా నాకు నిరాశ కలగలేదు. వినడానికి వచ్చినవాళ్ళం పది పన్నెండుమందిమి; పాడేవాళ్ళు మాకంటే ఎక్కువమంది. శ్రోతల సంఖ్యతో నిమిత్తం లేకుండా నిత్యకైంకర్యంలా సాగే ఈ సేవలోనే వెస్లీ బతుకంతా గడిచిందన్న సంగతి ఆ చెక్క బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు పుస్తకంలో తెలిసినదానికంటే బాగా తెలిసింది.

రెండో రోజు, మంగళవారం: హెరెఫర్డ్

ఉదయమంతా కెథడ్రల్ లోపలా బయటా తిరిగాను. పడమటి గోపురం 1786లో కూలిపోయింది. ఆ తరువాత తిరిగి కట్టినప్పుడు భవనం పొడవు తగ్గించారు. సుమారు 1300 నాటి ప్రపంచపటం, గొలుసులతో అరలకు కట్టేసిన పుస్తకాల గ్రంథాలయం చూడడానికే ఎక్కువమంది వస్తారు. నేను వాటిని చూసి, నాకు కావలసిన చోటికి వెళ్ళాను: కెథడ్రల్‌కు ఆగ్నేయంగా, వై నది వైపు ఉన్న వికార్స్ కోరల్ అనే గాయకుల వసతిగృహం, దాని లోపలి చతురస్రపు వాకిలి.

ఇక్కడి గాయకుల సంగతి తెలిస్తేనే వెస్లీ కూర్పు ఒకటి అర్థమవుతుంది. హెరెఫర్డ్‌లో ఆ రోజుల్లో పెద్దగొంతులు పాడే వికార్స్ కోరల్ అందరూ గురుపట్టం పొందినవారే. వాళ్ళకు చుట్టుపక్కల పల్లెలలో సొంత చర్చి బాధ్యతలు ఉండేవి. పండుగనాడు, ఆదివారంనాడు వాళ్ళు తమ తమ పల్లెలకు పోయేవారు. అందువల్ల పెద్ద పండుగకే కెథడ్రల్‌లో గొంతుల కరువు. ఒక ఈస్టరు ఆదివారానికి వెస్లీకి దక్కింది గాయకబాలురు, ఒకే ఒక్క మంద్రగాయకుడు. ఆ ఒక్కడు కూడా సంగీతం నేర్చి కొలువులో ఉన్నవాడు కాడు, కెథడ్రల్‌కు పెద్ద అయిన డీన్ ఇంట్లో బట్లరు.

ఆ పరిస్థితిలో ఆయన రాసినది పేతురు మొదటి పత్రికలోని 'మన ప్రభువగు యేసుక్రీస్తు తండ్రియగు దేవుడు స్తుతింపబడును గాక' అన్న వాక్యాలకు చేసిన ఆంథెమ్. నేటికీ ఇంగ్లండు కెథడ్రళ్ళలో ఎంతో ఇష్టంగా పాడే కూర్పులలో అది ఒకటి. దాని నిర్మాణం ఒకసారి గమనించండి. నడుమ భాగం ఒక బాలుడి ఏకగానం. మిగిలిన బాలురు అతనికి బదులు పాడతారు. తరువాత 'సర్వశరీరులు గడ్డినిపోలినవారు' అన్న మాటలు ఒక్క మంద్రస్వరానికి, అలంకారం లేని పలుకుబడిలాగా, ఇచ్చాడు. ఆ బట్లరు మోయగలిగినంత బరువే అది. గడ్డి ఎండుతుంది, పువ్వు రాలుతుంది అన్న మాటల దగ్గర గొంతు తగ్గిపోతుంది. ఆ నిశ్శబ్దం అంచున ఆర్గన్ పూర్తి బలంతో ఒక్క స్వరసమూహాన్ని మోగిస్తుంది, వినేవాళ్ళు ఉలిక్కిపడతారు. 'అయితే ప్రభువు వాక్యము ఎల్లప్పుడును నిలుచును' అంటూ అందరూ అందుకుంటారు. మనుషులు లేని చోట ఆర్గన్ చేత ఆ పని చేయించాడు. ఆయన కూర్పులలోని కొత్తదనం చాలావరకు ఇటువంటి లేమి నుంచి పుట్టింది.

ఇంతకు ముందే, 1832 నవంబరులో, మరమ్మతు ముగించుకొన్న ఆర్గన్‌ను తిరిగి ప్రారంభించిన సందర్భానికి యెషయా గ్రంథంలోని 35వ అధ్యాయం తీసుకున్నాడు: 'అరణ్యమును ఎండిన భూమియు సంతోషించును'. ఆ కూర్పులో ఆర్గనిస్టు కాళ్ళకు కూడా చేతులకున్నంత పని ఉంటుంది. కాళ్ళతో వాయించే పెడల్ వరస జర్మనీలో ఎప్పటినుంచో ఉన్నా, ఇంగ్లండులోని చాలా ఆర్గన్లకు అప్పటికి ఇంకా అరకొరగానే ఉండేది. పెడల్ మీద అంత ధైర్యంగా నడిచిన ఆంగ్లేయులు ఆనాడు చాలా అరుదు. మరుసటి ఏడు ఆ కూర్పును చర్చి సంగీత రచనకు ఇచ్చే గ్రెషామ్ బహుమతికి పంపితే న్యాయనిర్ణేతలు తిరస్కరించారు. కెథడ్రల్ సంగీతమంటే పాతకాలపు వ్యాకరణమే అని నమ్మినవారికి అది మింగుడుపడలేదు. 'దుఃఖమును నిట్టూర్పును ఎగిరిపోవును' అన్న చివరి మాటలకు ఆయన ఇచ్చిన ముగింపు విన్నవాళ్ళెవరికైనా ఆ తిరస్కారం పట్ల ఇప్పటికీ బాధ కలుగుతుంది. నాకు కలిగింది.

1834లో హెరెఫర్డ్, గ్లోస్టర్, వూస్టర్ కెథడ్రళ్ళు వంతులవారీగా జరుపుకొనే త్రీ కోయిర్స్ ఉత్సవానికి నిర్వాహకత్వం వహించాడు. 1835లో డీన్ జాన్ మెర్‌వెదర్ చెల్లెలు మేరీ ఆన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. జీతం మాత్రం చాలలేదు. అదే ఏడాది ఎక్సెటర్‌కు వెళ్ళిపోయాడు.

సాయంత్రం నది ఒడ్డున కూర్చున్నాను. ఇదే వై నదిలో, తరువాతి తరం ఆర్గనిస్టు జార్జ్ సింక్లెయిర్ పెంచుకున్న కుక్క డాన్ జారిపడి ఈదుకుంటూ ఒడ్డుకు చేరిన ఘట్టాన్ని ఇంగ్లిషు స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గర్ తన 'ఎనిగ్మా' కూర్పులో పదకొండో భాగంగా మలిచాడు. వెస్లీ ఈ నీళ్ళలో వెతుక్కున్నది చేపలను. గాలం ఆయనకు ఆర్గన్ తరువాతి వ్యసనం. ఏ ఊరికి వెళ్ళినా ముందు అక్కడి నది గురించి వాకబు చేసేవాడని చెప్పుకుంటారు.

మూడో రోజు, బుధవారం: లీడ్స్

మాంచెస్టర్‌లో రైలు మారి, పెనైన్ కొండలు దాటి లీడ్స్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇది కెథడ్రల్ కాదు. మిల్లుల నగరంలో 1841లో కొత్తగా కట్టిన పారిష్ చర్చి. 2012 నుంచి లీడ్స్ మిన్‌స్టర్ అంటున్నారు. ఇక్కడి వికార్, అంటే చర్చి గురువు, వాల్టర్ ఫార్క్వర్ హుక్ తన చర్చిలో కెథడ్రల్ స్థాయిలో నిత్యం గానారాధన జరగాలని పట్టుబట్టి, సంవత్సరానికి 200 పౌండ్లు హామీ ఇచ్చి 1842లో వెస్లీని రప్పించాడు. తరతరాల భూములు, రాబడులు ఉన్న కెథడ్రళ్ళు చేయని పనిని వ్యాపారుల చందాలతో నడిచే చర్చి చేసింది. అది వెస్లీ మనసులో నాటుకుపోయింది.

1849లో ఆయన ప్రచురించిన కరపుస్తకం ఈ అనుభవం ఇచ్చిన బలంతోనే వచ్చిందని నేను నమ్ముతున్నాను. కెథడ్రల్ సంగీతం గురించి కొన్ని మాటలంటూ అందులో ఆయన అడిగినవి మరీ గొంతెమ్మ కోరికలేమీ కావు. గాయకబృందంలో కనీసం పన్నెండుమంది పెద్దగొంతులుండాలి. వాళ్ళు కడుపు నింపుకోవడానికి వేరే వృత్తి వెతుక్కోనవసరం లేనంత జీతం ఇవ్వాలి. ఆర్గనిస్టును ఎన్నుకొనేటప్పుడు సంగీతం తెలిసినవాళ్ళ మాట వినాలి. సంగీతశిక్షణకు ఒక కళాశాల ఉండాలి. డీన్, కానన్లనే కెథడ్రల్ గురువులు కలిసిన పాలకవర్గాన్ని చాప్టర్ అంటారు. మన దేవస్థానాల పాలకమండలి వంటిది. సంగీతం తెలియని చాప్టర్లే సంగీతాన్ని శాసించడం ఆయన భరించలేకపోయాడు. ఆ పుస్తకంలో కోపం ఉంది, ఎత్తిపొడుపు ఉంది, తానే అన్యాయానికి గురయ్యానన్న బాధ పదే పదే వస్తుంది. వాటన్నిటి కింద ఒకే న్యాయమైన ప్రశ్న ఉంది: దేవుని సేవలో పాడేవాడికి కూలి ఎందుకు దక్కకూడదు?

చర్చిలో ఎక్కువసేపు ఉండలేకపోయాను, మూసే వేళయింది. వీధిలో వాన.

నాలుగో రోజు, గురువారం: హెల్మ్స్‌లీ

యార్క్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. హెల్మ్స్‌లీ చిన్న సంత ఊరు. శిథిలమైన కోట, రై నది, చదరపు అంగడి వీధి. వెస్లీ ఇక్కడ కొలువు చేయలేదు. 1847 డిసెంబరులో చేపలు పట్టడానికి వచ్చి, కంచె మీదుగా దాటే మెట్టు దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక బయటకు పొడుచుకువచ్చిన విరుపు. అంగడి వీధిలోని బ్లాక్ స్వాన్ సత్రంలో నెలల తరబడి మంచం మీద ఉండిపోయాడు. ఆ సత్రం ఇప్పటికీ ఉంది.

నేను అక్కడ టీ తాగుతూ, పెడల్ మీద కాళ్ళ నైపుణ్యానికి పేరుపడ్డ మనిషికి ముప్పై ఏడో ఏట కాలు విరగడమంటే ఎటువంటి భయమో ఊహించుకున్నాను. వీణ వాయించేవాడికి వేళ్ళు పోయినట్టే కదా. ఆ మంచం పట్టిన కాలంలోనే ఆయన 51వ కీర్తన నుంచి 'నీ సన్నిధిలోనుండి నన్ను త్రోసివేయకుము' అన్న మాటలు తీసుకుని ఆంథెమ్ రాశాడు. ఆ కీర్తనలోనే 'అప్పుడు నీవు విరిచిన యెముకలు హర్షించును' అన్న వాక్యం ఉంది. ఎముకలు విరగడమన్న మాట దగ్గర స్వరాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని నొప్పి పుట్టిస్తాయి. ఆ తరువాత మెల్లగా సర్దుకుంటాయి. తన గాయాన్ని ఆయన ఎవరికీ ఉత్తరంలో చెప్పుకున్నట్టు చెప్పలేదు. ఆరుగురి గొంతులకు అప్పగించాడు.

తిరుగు బస్సు ఒకటి రాలేదు. చలిలో గంటన్నర నిలబడి తరువాతి బస్సు ఎక్కాను. రీడింగ్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

ఐదో రోజు, శుక్రవారం: వించెస్టర్

ఈ రోజు మా అమ్మాయి సెలవు పెట్టి నాతో వచ్చింది. రీడింగ్ నుంచి వించెస్టర్ గంటలోపు ప్రయాణం. సుమారు 170 మీటర్ల పొడవున్న కెథడ్రల్ అది. పడమటి తలుపు దగ్గర నిలబడి చూస్తే తూర్పు కొస మసకమసకగా కనిపిస్తుంది.

వెస్లీ ఇక్కడికి 1849లో వచ్చాడు, పదహారేళ్ళు ఉన్నాడు. ఐదుగురు కొడుకుల చదువుకు వించెస్టర్ కాలేజీ దగ్గర ఉండడం ఒక ఆకర్షణ. ఇచెన్, టెస్ట్ నదులలో ట్రౌట్ చేపలు ఉండడం ఇంకొకటి. దక్షిణ భాగంలోని ఒక చిన్న ప్రార్థనాలయంలో నేల మీద ఐజాక్ వాల్టన్ సమాధి ఫలకం ఉంది. గాలమేయడం గురించి రాసి ఇంగ్లండంతటా పేరు పొందిన ఈ 17వ శతాబ్దపు రచయిత 1683లో ఇక్కడే చనిపోయాడు. రోజూ ఆర్గన్ దగ్గరకు నడిచి వచ్చే వెస్లీ ఆ రాయి పక్కన ఒక్క క్షణమైనా ఆగి ఉంటాడని అనుకున్నాను.

ఈ కెథడ్రల్‌కు ఆయన తెచ్చిపెట్టిన పెద్ద కానుక దాని ఆర్గన్. 1851లో లండన్ మహాప్రదర్శనలో, అప్పటికి ముప్పై ఏళ్ళ హెన్రీ విల్లిస్ 70 స్టాప్‌లున్న ఆర్గన్‌ను నిలబెట్టాడు. స్టాప్ అంటే ఒక్కో రకం ధ్వనినిచ్చే గొట్టాల వరసను తెరిచే పిడి. వెస్లీ పట్టుబట్టి చాప్టర్ చేత ఆ ఆర్గన్‌ను కొనిపించాడు. కొంత తగ్గించి 1854లో ఇక్కడ అమర్చారు. తరువాత ఎన్నిసార్లు విప్పి బాగుచేసినా దాని మూలం అదే. పెడల్ పలకలను కాళ్ళ కదలికకు అనువుగా విసనకర్రలా విచ్చుకొనేట్టు, నడుమ పల్లంగా ఉండేట్టు చేసిన అమరిక కూడా విల్లిస్, వెస్లీల పేరు మీదే నిలిచింది. నేడు ఇంగ్లండులో, అమెరికాలో ఎక్కువ ఆర్గన్లకు ఉండేది ఆ అమరికే.

శ్రుతి విషయంలో మాత్రం ఆయన పట్టుదల నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. లివర్‌పూల్‌లోని సెయింట్ జార్జ్ హాలుకు విల్లిస్ కట్టిన మహా ఆర్గన్‌కు వెస్లీయే సలహాదారు. 1855లో దాన్ని ప్రారంభించినవాడూ ఆయనే. అప్పటికి స్థాయిని పన్నెండు సమభాగాలు చేసే శ్రుతి పద్ధతి ఇంగ్లండులో వ్యాపిస్తున్నది. వెస్లీ దానికి ఒప్పుకోక పాత పద్ధతిలోనే శ్రుతి చేయించాడు. పాత పద్ధతిలో కొన్ని స్వరమేళాలు తేటగా, కొన్ని కర్ణకఠోరంగా పలుకుతాయి. సమభాగాల పద్ధతిలో ఏదీ పూర్తిగా తేటగా ఉండదు, ఏదీ చెవిని గుచ్చదు. తంబురా శ్రుతికి అలవాటైన మన చెవులకు ఆయన బాధ సులభంగానే అర్థమవుతుంది. స్వచ్ఛమైన గాంధారాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే. కాని తన కూర్పులలో దూరదూరపు స్వరస్థానాలకు అంత స్వేచ్ఛగా వెళ్ళినవాడు, ఆ దూరాలలో పాత శ్రుతి కరుకుగా మోగుతుందని తెలిసీ దాన్ని వదలలేదు. ఆయన సంగీతం ముందుకు చూస్తుంటే చెవి వెనక్కి చూసింది. నా మటుకు ఇది ఆయన జీవితంలో విప్పలేని ముడి.

1853లో పన్నెండు ఆంథెమ్‌లను ఒక సంపుటంగా ప్రచురించాడు. హెరెఫర్డ్‌లో పుట్టినవి, సత్రం మంచం మీద పుట్టినవి, ఇక్కడ పుట్టినవి అన్నీ అందులో ఉన్నాయి. ఆ రోజు సాయంత్రం వాటిలో ఒకటి పాడతారని ముందే తెలుసుకుని వచ్చాం. 'ఎవనిమనస్సు నీమీద ఆనుకొనునో వానిని నీవు పూర్ణశాంతిగలవానిగా కాపాడుదువు' అన్న యెషయా వాక్యానికి చేసిన కూర్పు అది. నాలుగైదు నిమిషాలకు మించదు. ఆర్గన్ గొంతుల వెనక నీడలా ఉంటుంది. 'నీవే వెలుగు, చీకటి లేదు' అన్న అర్థం వచ్చే చోట సంగీతం నెమ్మదిగా వేరే స్వరాల వైపు జరిగి, మళ్ళీ మొదటి మాటల దగ్గరకు ఇల్లు చేరినట్టు వస్తుంది. ఎక్కడికీ తొందర లేదు. ప్రతి ఊళ్ళో ప్రతి డీన్‌తో పేచీ పెట్టుకున్న మనిషి, ఆర్గన్ పనిని శిష్యులకు వదిలేసి గైరుహాజరవుతున్నాడని ఇక్కడి చాప్టర్ చేత ఫిర్యాదులు పడ్డ మనిషి, ఈ శాంతిని ఎక్కడి నుంచి తెచ్చాడు?

"నాన్నా, ఈయన మంచివాడేనా?" అని మా అమ్మాయి బయటికి వచ్చాక అడిగింది. ఎక్సెటర్‌లో ఉన్నప్పుడు గాయకబాలురను కొట్టినందుకు చాప్టర్ ఆయన మీద చర్య తీసుకుందన్న సంగతి దానికి పొద్దున రైల్లో చెప్పాను. అది దాన్ని బాధపెట్టిందని అర్థమైంది. కొట్టడం తప్పేనమ్మా, ఆ కాలానికి కూడా తప్పే, అందుకే చర్య తీసుకున్నారు అన్నాను. అంతకంటే వెనకేసుకురావడానికి నాకు మనసొప్పలేదు. ఆ పిల్లల గొంతుల మీదే ఆయన సంగీతమంతా నిలిచి ఉంది.

ఆరో రోజు, శనివారం: గ్లోస్టర్

గ్లోస్టర్ చాప్టర్ కొత్త ఆర్గనిస్టు ఎంపికకు 1865లో వెస్లీని సలహా అడిగిందనీ, తానే వస్తానని ఆయన చెప్పేసరికి వాళ్ళు ఆశ్చర్యపోయారనీ అంటారు. అప్పటికి ఆయనకు యాభై ఐదో ఏడు నడుస్తోంది. కెథడ్రల్ నడిమధ్య అడ్డుతెర మీద 1666లో థామస్ హారిస్ కట్టిన ఆర్గన్ పెట్టె, బంగారు పూత, రంగుల చిత్రాల గొట్టాలతో ఇప్పటికీ నిలిచి ఉంది. విసనకర్రల వంటి రాతి కప్పున్న వసారాలలో ఒక గంట నడిచాను.

ఇక్కడ ఆయనకు త్రీ కోయిర్స్ ఉత్సవం మళ్ళీ చేతికి వచ్చింది. 1871లో ఆ ఉత్సవంలో తొలిసారిగా బాఖ్ కూర్చిన 'మత్తయి సువార్త శ్రమల గానం' పాడించాడు. బాఖ్ కోసం తండ్రి చేసిన పోరాటం కొడుకు చేతి మీదుగా ఇక్కడ ఒక మలుపు చేరింది. గ్లోస్టర్ పక్కనే ఉన్న హైనమ్‌లో పెరిగి, వించెస్టర్ దగ్గరి బడిలో చదువుతున్నప్పుడే వెస్లీ వాద్యానికి ముగ్ధుడైన బాలుడు హ్యూబర్ట్ ప్యారీ తరువాత ఇంగ్లిషు సంగీతంలో ఒక యుగానికి పెద్దదిక్కయ్యాడు.

నా పాటల పుస్తకంలోని 'ఆరీలియా' 1864లో, వించెస్టర్ కాలం చివర, అచ్చయింది. బంగారు యెరూషలేమును వర్ణించే పాట కోసం చేసిన వరస గనుక లాటిన్‌లో బంగారానికున్న మాట నుంచి ఆ పేరు పెట్టారు. తరువాత, సంఘానికి పునాది క్రీస్తే అని చెప్పే వేరొక పాటకు జతపడి లోకమంతా పాకింది. గ్లోస్టర్‌లో ఉండగానే 1872లో ఆయన ఏళ్ళ తరబడి కూర్చిన పెద్ద వరసల సంపుటం 'ది యూరోపియన్ సామిస్ట్' వెలువడింది. ఎవరి చేతికీ అంతగా చేరలేదు. ప్రపంచానికి ఒక్క 'ఆరీలియా' చాలింది.

1873లో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు గాని, ఏడాదికి 100 పౌండ్ల పింఛను గాని ఎంచుకొమ్మంది. వెస్లీ పింఛను ఎంచుకున్నాడు. జీతాల కోసం జీవితమంతా వాదించినవాడు చివరికీ మాట మీద నిలబడ్డాడు. 1875 క్రిస్మస్ రోజున చివరిసారి ఆరాధనకు ఆర్గన్ వాయించాడు. 1876 ఏప్రిల్ 19న ఇక్కడే చనిపోయాడు.

అడ్డుతెర కింద నిలబడి, పైనున్న గొట్టాల వైపు చూస్తుంటే, సాధకుడెవరో సాయంత్రానికి సరిచూసుకుంటూ ఒకే వాక్యాన్ని పదిసార్లు వాయించాడు. పదోసారికి సరిగ్గా కుదిరింది. ఆపేశాడు.

ఏడో రోజు, ఆదివారం: ఎక్సెటర్

బ్రిస్టల్ మీదుగా రైలు. ఎక్సెటర్ కెథడ్రల్ లోపల తల ఎత్తితే, తూర్పు నుంచి పడమర దాకా సుమారు 96 మీటర్ల మేర తెగకుండా సాగే రాతి కప్పు; తాటి మట్టలు విచ్చుకున్నట్టు దూలాలు. నడుమ అడ్డుతెర మీద 1665లో జాన్ లూస్‌మోర్ కట్టిన ఆర్గన్ పెట్టె. ఉత్తరపు గోడ మీద 14వ శతాబ్దపు చిన్న వసారాలో దేవదూతల బొమ్మలు తలా ఒక వాద్యం పట్టుకుని ఉంటాయి. 1942 మే నెలలో బాంబు పడి ఒక ప్రార్థనాలయం ధ్వంసమైంది, తిరిగి కట్టారు.

వెస్లీ ఇక్కడ 1835 నుంచి 1842 దాకా ఉన్నాడు. 1839లో ఆక్స్‌ఫర్డ్ నుంచి సంగీతంలో డాక్టరేట్ పొందాడు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవికి ప్రయత్నించాడు, దక్కలేదు. చాప్టర్‌తో పొసగలేదు. గాయకబాలురను కొట్టిన సంఘటన 1840 నాటిది. అదే సంవత్సరం ఆయన ఒక్కగానొక్క కూతురు మేరీ, ఏడాది నిండని పసిబిడ్డ, చనిపోయింది. ఈ రెంటినీ ముడిపెట్టి ఆయన తప్పును కడిగేయడం నా ఉద్దేశం కాదు. 'నా దోషము పోవునట్లు నన్ను బాగుగా కడుగుము' అన్న 51వ కీర్తన వాక్యానికి చేసిన ఆంథెమ్ సుమారు ఆ కాలానిదేనన్నది మాత్రం మరచిపోలేను. అది ఒక్క బాలుడి గొంతుతో మొదలవుతుంది.

ఐదు ఊళ్ళలో కొలువు చేసి, ఐదింటిలోనూ అసంతృప్తితో బతికిన మనిషి, తనను ఎక్కడ పాతిపెట్టాలో ముందే చెప్పుకున్నాడు. పదకొండేళ్ళు ఉన్న గ్లోస్టర్ కాదు, పదహారేళ్ళు ఉన్న వించెస్టర్ కాదు. ముప్పై నాలుగేళ్ళ కిందట వదిలి వెళ్ళిన ఎక్సెటర్. ఈ ఊరిని చివరికి ఉంచుకున్నది అందుకే.

కెథడ్రల్ నుంచి పడమరగా నడిచి, పాత నగరపు గోడ దాటితే బార్తలోమ్యూ వీధి పక్కన పల్లంలో పాత శ్మశానవాటిక ఉంది. ఏటవాలు గడ్డి, పెద్ద చెట్లు, కొండ పొట్టలో 1837లో కట్టిన రాతి సమాధి గదులు. ఆదివారం మధ్యాహ్నం, ఒకాయన కుక్కను తిప్పుతున్నాడు, ఇద్దరు పిల్లలు వాలులో దొర్లుతున్నారు. రాళ్ళు చాలా ఉన్నాయి, వెతకడానికి సమయం పట్టింది.

1876 ఏప్రిల్‌లో ఆయనను గ్లోస్టర్ నుంచి ఇక్కడికి తెచ్చి, ముప్పై ఆరేళ్ళుగా ఒంటరిగా ఉన్న ఆ బిడ్డ పక్కన పడుకోబెట్టారు. వాన వెలిసి గడ్డి తడిగా ఉంది. కాసేపు నిలబడి, చిన్నప్పుడు సికింద్రాబాదులో పాడిన ఆ వరస కింది స్వరాన్ని, మిగిలిన మూడు గొంతులూ లేకుండా, నాకు వినపడేంత మెల్లగా పాడుకున్నాను. ఆ పిల్లలు దొర్లడం ఆపి ఒకసారి చూసి, మళ్ళీ ఆటలో పడ్డారు.